నీళ్ళ కింద కనకాంబరం రంగు

నా భార్య నీళ్ళ కింద ఏం చూసిందో పెద్దగా చెప్పేది కాదు. శుక్రవారం పొద్దున డైవింగ్ పడవ ఎక్కి, మధ్యాహ్నం దాటాక ఇంటికి వచ్చేది. రాగానే ఆకలి అనేది, తినగానే నిద్ర అనేది. చేపలు ఎలా ఉన్నాయని అడిగితే "చేపల్లాగే ఉన్నాయండి" అనేది. దోహాలో ఒక ఆసుపత్రి ల్యాబులో ఆమె ఉద్యోగం. రోజంతా మైక్రోస్కోపులోకి చూసి, ఉన్నది ఉన్నట్టు రాసి పంపే పని. చూసినదానికి ఇంకొంచెం కలిపి చెప్పడం ఆమెకు చేతకాదు.

అందుకే ఒక శుక్రవారం ఆమె అన్న మాట నాకు గుర్తుండిపోయింది. తల ఇంకా తడిగానే ఉంది. మజ్జిగన్నం కలుపుతూ ఆగింది.

"ఏవండీ, అక్కడ కింద కనకాంబరం రంగు ఉందండి."

"యాడ?"

"బార్జి దగ్గర. ఇనప రేకు అడుగున అంటుకుని ఉంది. లైటు వేస్తే కనకాంబరం. తీసేస్తే బూడిద."

"పువ్వా?"

"నీళ్ళలో కనకాంబరం పూస్తుందేంటండీ? స్పాంజి అంట. ప్రాణమున్నదే."

"అంత లోతుల ఎరుపు దిక్కు రంగులు కనపడయంటరు గదా."

"కనపడవనే కదా లైటు పట్టుకెళ్ళేది. మీ అట్టలో వెతక్కండి, దొరకదు."

అట్ట అంటే నా షేడ్ కార్డు, రంగుల నమూనాలు వరసగా అంటించినది. నేను పెయింట్ ఇన్‌స్పెక్టర్‌ని. రాస్ లఫాన్‌లో గ్యాస్ పైపులకూ ట్యాంకులకూ వేసిన పెయింటు మందం, అంటుకున్న తీరు, రంగు చూసి సరే అనో కాదనో చెప్పడం నా డ్యూటీ. షెడ్డులో ట్యూబులైటు కింద ఒకే రంగులో కనిపించిన రెండు పైపులు బయట ఎండలో పెట్టగానే వేరుపడటం చాలాసార్లు చూశాను. రంగు వస్తువులో ఎంత ఉంటుందో దాని మీద పడే వెలుగులోనూ అంతే ఉంటుందని ఆ పని నాకు నేర్పింది. ఆ రోజు మాట అక్కడితో ఆగింది. ఆమెకు నిద్ర వచ్చింది.

మరుసటి ఏడాది ఆమె పోయింది. జబ్బు గురించి ఇక్కడ రాయను.

ఆమె పోయాక చాలా చదివాను. చదవడం నాకు ముందునుంచీ ఉన్న అలవాటే. దుఃఖం గురించి రాసినవాళ్ళు కొందరు దాన్ని సముద్రం అన్నారు, కొందరు చీకటి అన్నారు. దేనితోనూ పోల్చకుండా దాని గురించి మాట్లాడటం కష్టమని నాకూ తెలుసు. కానీ నాకు కావలసింది పోలిక కాదు, ఒక చిన్న సమాచారం. ఈ ఊళ్ళో మేమిద్దరం చాలా ఏళ్ళు ఉన్నాం. ఆమె ఉన్న గదుల్లో నేనూ ఉన్నాను, ఆమె నడిచిన రోడ్ల మీద నేనూ నడిచాను. ఆమె చూసి నాకు చెప్పి, నేను చూడకుండా మిగిలింది ఆ రేకు అడుగున ఉన్న రంగు ఒక్కటే. అది ఎలా ఉంటుందో నాకు తెలియాలి. అంతే.

నాకు ఈత రాదు. కరీంనగర్ వైపు పుట్టినవాణ్ణి, వాగులో మోకాలి లోతు దాటి దిగలేదు. ఆమెది గోదావరి పక్క. ఆమెకు డైవింగ్ నేర్పినాయన దగ్గరికే వెళ్ళాను. ఆయన విశాఖపట్నం మనిషి. నేవీలో డైవరుగా చేసి, రిటైరయ్యాక ఇక్కడికి వచ్చాడు. డైవింగ్ క్లబ్బులో అందరూ మాస్టర్ అంటారు.

"ఏటండీ సార్, ఈ వయసులో మీకీ సరదా?"

"సరదా కాదు మాస్టర్. బార్జి కింద ఒకటి చూడాలె."

ఆయన చేతిలో పని పక్కన పెట్టాడు.

"మేడం గారు చెప్పారా?"

తల ఊపాను.

"అయితే ఎండలు ముదరకముందే నేర్చుకోవాలండి. ఆ పక్క కొత్త జెట్టీ కడతన్నారు. అడ్డమని బార్జిని కోసి పట్టుకుపోతారంట."

బార్జి అంటే రాళ్ళూ ఇసుకా మోసే చదునైన ఇనుప పడవ. మిసయీద్ దాటాక, తీరానికి కొంచెం దూరంలో ఎప్పుడో మునిగిపోయింది. దాన్ని పైకి లాగేస్తే దాని అడుగున బతికేది ఏదీ మిగలదు. అంటే నా దగ్గర ఉన్నది చలికాలం ఒక్కటే.

అల్ తుమామాలో ఒక స్విమ్మింగ్ పూల్‌లో నా చదువు మొదలైంది. ఊపిరి తీసుకోవడం ఇంత ఆలోచించి చేయాల్సిన పనని అంతకుముందు తెలియదు. నీళ్ళ కింద మాటలు ఉండవు, సైగలే. బొటనవేలు పైకి చూపిస్తే బాగుందని కాదు, పైకి పోదామని. మొదట్లో మాస్టర్ "బాగుందా?" అని సైగ చేసినప్పుడల్లా నేను సంతోషంగా బొటనవేలు చూపించేవాణ్ణి, ఆయన నన్ను పట్టుకుని పైకి తీసుకొచ్చేవాడు.

"మళ్ళీ ఏటైందండీ?"

"ఏం కాలే. బాగుందని చెప్పిన."

"బాగుంటే పైకి రాడం దేనికండీ బాబూ!"

బార్జి దగ్గరికి మొదటిసారి దిగినప్పుడు నేను చేపల్ని చూడలేదు. మాస్టర్ చేతికున్న పట్టీని చూస్తూ దిగాను. పడవ మీద అది మిరపపండు రంగు. తల మునిగాక ఇటుక రంగుకు వచ్చింది. అడుగుకు చేరేసరికి తడిసిన గోనెసంచిలా ఉంది. ఎక్కడ మారిందో పట్టుకుందామనుకున్నాను, దొరకలేదు. నీళ్ళు ముందు ఎరుపును తినేస్తాయి, తర్వాత నారింజను, ఆకుపచ్చా నీలం చివరిదాకా ఉంటాయి అని చదివాను. చదివినది కళ్ళెదుట జరుగుతుంటే మాత్రం ఎవరో నా చూపులోంచి కొంచెం కొంచెంగా తీసేసుకుంటున్నట్టే ఉంది.

బార్జి ఒక పక్కకు ఒరిగి ఉంది. ఒకచోట రేకు ఊడి, చూరులా వంగింది. మాస్టర్ దాని అడుగుకు వేలు చూపించాడు. క్లబ్బు వాళ్ళిచ్చిన లైటు వెలిగించాను.

ముందు కనిపించింది తెల్లటి గోడ. ఇక్కడి సముద్రంలో నలుసులు ఎక్కువ, గాలి వీచిన మర్నాడైతే మరీను. పొగమంచులో కారుకు పెద్ద లైట్లు వేస్తే ఏమవుతుందో అదే అయింది. ఆ తెలుపు వెనకాల రేకుకు అంటుకుని ఏదో ఉంది. పాలిపోయిన గులాబీ. గోడ మీద కడిగేసిన పాన్ మరక రంగు.

అది కనకాంబరం కాదు.

పడవ ఎక్కాక తువ్వాలు కప్పుకుని ఆలోచించాను. మూడు కారణాలు ఉండవచ్చు. ఆ స్పాంజి ఈలోగా చచ్చిపోయి ఉండాలి. లేకపోతే ఆమె ఏదో నోటికొచ్చిన రంగు చెప్పి ఉండాలి. అదీ కాకపోతే లైటు అబద్ధం చెబుతూ ఉండాలి. మొదటిది నా చేతిలో లేదు. రెండోది నేను నమ్మను. మూడోదాన్ని పరీక్షించవచ్చు. నా డ్యూటీలోనూ అదే వరస. పెయింటును తిట్టే ముందు లైటును చూడాలి.

"మాస్టర్, ఆమె వచ్చినప్పుడు గూడ ఈ లైట్లేనా?"

"నేదండి. అప్పుడు పాతవి, పసుపు లైట్లు. ముసిల్ది నడిచినట్టు వెలిగేవి. బ్యాటరీలు తినేస్తన్నాయని అన్నీ పారేసి ఇవి కొన్నాం. ఇవి చూడండి, పగలే!"

"ఆ పాతవి యాడన్న దొరుకుతయా?"

"చెత్తకుండీలో ఎతకాలండి. మీరే ఒకటి కొనుక్కోండి. మంచి పవరున్నది."

అలా నాకు నీళ్ళ లైట్ల గురించి తెలుసుకునే పని పడింది. ఆ పని నాకు నచ్చిందని చెప్పాలి. చాలా రోజుల తర్వాత ఒక విషయం గురించి, అది విషయం కాబట్టి, ఆలోచించాను. ఈ లైట్ల పెట్టెల మీద పెద్ద అక్షరాలతో రాసేది వెలుగు ఎంత అన్నది. వెలుగు ఎలాంటిది అన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొన్నింటి మీద ఉండనే ఉండదు. రెండు లైట్లూ మన కంటికి తెల్లగానే ఉంటాయి. ఒకదాని తెలుపులో అన్ని రంగులూ కలిసి ఉంటాయి. ఇంకోదానిలో నీలం నిండుగా ఉండి, ఎరుపు పేరుకు మాత్రమే ఉంటుంది. ఎరుపు లేని వెలుగు పడితే ఎర్రటి వస్తువు ఏం చేస్తుంది? తిరిగి పంపడానికి దాని దగ్గర ఏమీ ఉండదు.

నా షేడ్ కార్డు తీసి చూశాను. నారింజలు చాలా ఉన్నాయి, ప్రతిదానికీ ఒక నంబరు. ఆమె అన్నట్టే, కనకాంబరం లేదు. పరీక్షకు అసలు పువ్వే కావాలి.

నా భార్య అక్క కూడా దోహాలోనే, అల్ తుమామాలో ఉంటుంది. ఫోన్ చేశాను.

"వదినా, కనకాంబరాలు యాడ దొరుకుతయి?"

"మీకెందుకు మరిది గారూ?"

"లైటు కొనాలె."

అటునుంచి టీవీ కట్టేసిన చప్పుడు వినిపించింది.

"ఒంట్లో బాగానే ఉందా?"

అంతా చెప్పాను. విన్నాక అడిగింది.

"ఏ కనకాంబరం? ఢిల్లీదా, నాటుదా?"

"రెండు తీర్లుంటయా?"

"హవ్వ! ఇన్నేళ్ళు కాపురం చేసి ఇదా మీకు తెలిసింది? ఢిల్లీది నిప్పులా మండిపోతుంది. నాటుది కాస్త మెత్తన. మా పెరట్లో ఉన్నది నాటుదే. మా చెల్లి కనకాంబరం అందంటే అదే అయ్యుంటుంది. మీరు వెళ్ళి ఏదో ఒకటి తెచ్చేయకండి, నేను చూస్తాను."

ఆ వారాంతంలోనే, కేరళ నుంచి విమానంలో పూలు తెప్పించే ఒక దుకాణంలో వదినకు నాటు కనకాంబరం దొరికింది. ఒక మూర కట్టించి, తడిగుడ్డలో చుట్టి పంపింది. కనకాంబరానికి వాసన లేదు. తొందరగా వాడదు కూడా. పరీక్షలకు ఇంతకంటే అనుకూలమైన పువ్వు ఉండదేమో.

సముద్రపు సామాన్లు అమ్మే దుకాణంలో మలయాళీ సేల్స్‌మన్ ఒకడు ఉన్నాడు. గాలాలు, వలలు, డైవింగ్ సూట్లు, అన్నీ అమ్ముతాడు. నేను పూలపొట్లం విప్పి గాజు బల్ల మీద పెట్టాను.

"సాబ్, పూజా కే లియే లైట్ చాహియే?"

"నహీ భాయ్. డైవింగ్ కే లియే."

"తో యే ఫూల్?"

"ఇసీ ఫూల్ కే లియే లైట్."

లైటు పూజకు కాదు, డైవింగుకు, అదీ ఈ పువ్వు కోసమేనని విని అతను తలాడించాడు. దుకాణంలో రకరకాల మనుషుల్ని చూసినవాడు. షాపు దీపాల కింద పరీక్ష కుదరదంటే, సూట్లు వేసుకుని చూసుకునే చిన్న గదిలోకి పంపించాడు. దానికి మందపాటి తెర ఉంది. నేను స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో పూలు పెట్టుకుని, అతను తెర కిందనుంచి ఒక్కొక్కటే అందించిన లైట్లు వెలిగించి చూశాను. బయట ఎవరో తెల్లాయన సూటు పట్టుకుని నిలబడి ఉన్నట్టున్నాడు. సేల్స్‌మన్ అతనికి ఇంగ్లీషులో చెప్పడం వినిపించింది: "కొంచెం ఆగండి సార్, లోపల ఒకాయన పూలు చూస్తున్నారు."

ఒక లైటు కింద కనకాంబరం ఎండుమిరపకాయ అయింది. ఇంకోదాని కింద కాగితం పువ్వు అయింది. క్లబ్బులో ఉన్నటువంటిదే ఒకటి వెలిగిస్తే, రేకు అడుగున నేను చూసిన ఆ పాన్ మరక రంగు కచ్చితంగా నా ఒళ్ళోకి వచ్చింది. అప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని ఎవరికైనా చెబితే నవ్వుతారు. స్పాంజి చావలేదు. ఆమె ఊరికే అనలేదు. లైటుదే తప్పు.

ఉన్నవాటిలో పువ్వును పువ్వులా చూపించింది ఒకటే. సొరకాయంత ఉంది. దాన్నే కొన్నాను. పెట్టెలో ఉన్న కాగితం ఇంటికొచ్చి మొత్తం చదివాను. ఈ లైటు నీళ్ళలోనే చల్లబడేలా చేసినది, గాలిలో ఎక్కువసేపు వెలిగించకూడదు అని అందులో ఉంది. వేడెక్కితే తనంతట తానే తగ్గే రకాలు కూడా ఉంటాయట. ఇది ఆ రకం కాదు.

ఆ వారంలోనే మాసికం వచ్చింది. నెలనెలా ఆమె పోయిన తిథికి వదిన వచ్చి వంట చేసి, ఫోటో ముందు దీపం పెడుతుంది. ముషైరిబ్ దగ్గర మా బిల్డింగులో అగ్గి అంటే భయం. మొదటి నెలలో సాంబ్రాణి పొగకు అలారం మోగి, అన్ని అంతస్తుల వాళ్ళూ మెట్ల మీదుగా రోడ్డు మీదికి వచ్చారు. వాచ్‌మన్ వచ్చి దండం పెట్టి మరీ చెప్పాడు, ఇంట్లో ఏదీ వెలిగించవద్దని. అప్పటినుంచి బ్యాటరీతో మినుకుమినుకుమనే ప్లాస్టిక్ దీపం పెడుతున్నాం. వదినకు అదంటే చిరాకు.

ఆ రోజు నాకు రాస్ లఫాన్‌లో డ్యూటీ. పొద్దున పూజ అయ్యాక కంపెనీ బస్సు ఎక్కి, సాయంత్రం ఇంటికొచ్చేసరికి గది వెలిగిపోతోంది. ఫోటో ముందు, బియ్యం పోసిన పళ్ళెం మధ్యలో, నా లైటు నిలబెట్టి ఉంది. చుట్టూ కనకాంబరాలు. వదిన పక్కన కుర్చీలో కూర్చుని ఉంది.

"సందె దీపంగా పెట్టినప్పటినుంచీ ఇక్కడే ఉన్నానండి. దీపం కొండెక్కకుండా చూసుకున్నాను" అంది.

నేను వెంటనే ఆపాల్సింది. కానీ ఆ వెలుగులో ఫోటో వైపు చూసి ఒక్క క్షణం నిలబడిపోయాను. అందులో ఆమె కట్టుకున్నది వంకాయ రంగు చీర. మా ట్యూబులైటు కింద అది ఎప్పుడూ నల్లగానే కనిపించేది. ఇప్పుడు వంకాయ రంగులో ఉంది. మంచి లైటే కొన్నాననిపించింది. ఆ తర్వాత కాలుతున్న రబ్బరు వాసన వచ్చింది.

"వదినా, అది నీళ్ళల్ల పెట్టే లైటు. గాలిల మాడిపోతది."

"లైటు మాడిపోవడమేంటండీ? వెలగడానికే కదా ఉంది?"

"ప్లాస్టిక్ దీపం ఉండె గదా."

"అది బజార్లో ఎవరి కోసమో చేసింది. ఇది దాని కోసం కొన్నారు. దాని కోసం కొన్న దీపం దాని ముందు వెలక్కుండా డబ్బాలో ఉంటుందా?"

గుడ్డతో పట్టుకుని లైటు ఆపాను. అద్దం చుట్టూ ఉన్న రబ్బరు రింగు గోధుమ రంగుకు తిరిగి, ఒకచోట బిగుసుకుపోయింది. బకెట్లో ముంచి చూస్తే సన్నగా బుడగలు వచ్చాయి. రింగు మారిస్తే సరిపోతుందనుకున్నాను, కానీ లోపలి ప్లాస్టిక్ గూడు కూడా వంగింది. వదిన బకెట్ పక్కనే నిలబడి అన్నీ చూసింది. కళ్ళు తుడుచుకుంది. తర్వాత తనకే నవ్వొచ్చింది.

"పోనీలెండి. దాని అక్క చేతిలోనే పోయింది. మీరు కోప్పడితే కోప్పడండి."

"కోపం లేదు వదినా. ఇంకో మూర పూలు కావాలె."

చచ్చిపోయిన లైటును మాస్టర్‌కు చూపించాను. ఆయన దాన్ని చేతుల్లో తిప్పి చూశాడు.

"ఇదేటి సార్, ఓడకి ఎడ్‌లైటా? మాడిపోయిందే మంచిదయింది. ఇంత ఎడల్పు వెలుగేస్తే మన నీళ్ళలో నలుసులు తప్ప ఏటీ అవుపడదు. మీరు నలుసులు చూడ్డానికి వెళ్తన్నారా?"

నేను రంగు ఒక్కటే చూశాను, నీళ్ళను చూడలేదు. పువ్వుకూ లైటుకూ మధ్య దుకాణంలో ఉన్నది గాలి. బార్జి దగ్గర ఉన్నది మబ్బు పట్టిన నీళ్ళు. వెలుగు వెడల్పుగా పరుచుకుంటే దారిలో ఉన్న ప్రతి నలుసూ వెలిగి అడ్డు నిలబడుతుంది. సన్నగా వెళ్తే తక్కువ నలుసులు తగులుతాయి. అంటే నాకు కావలసింది అన్ని రంగులూ ఉన్న సన్నటి వెలుగు. మళ్ళీ దుకాణానికి వెళ్ళాను.

"ఫూల్‌వాలే సాబ్ ఆగయే!" అన్నాడు సేల్స్‌మన్, పూలాయన వచ్చాడని లోపల ఉన్న ఇంకొకడికి వినిపించేలా.

ఈసారి బల్ల కిందనుంచి వేరే డబ్బా తీశాడు. నీళ్ళలో చిన్న చిన్న జీవాల ఫోటోలు తీసేవాళ్ళు వాడే లైట్లట. అన్నీ అరచేతిలో ఇమిడేవే. తెర వెనక కూర్చుని చూశాను. ఒకటి, మిగతావాటికంటే వెలుగు తక్కువ ఉన్నది, పువ్వు మీద వేయగానే ఇంక చూడాల్సిన పని లేదనిపించింది. పువ్వు పువ్వులానే ఉంది. కాడ దగ్గర ఉండే లేత పసుపు కూడా కనిపించింది. ఆ పసుపు ఉందని అంతకుముందు నేను గమనించలేదు.

మాస్టర్ పెదవి విరిచాడు.

"ఇది అగ్గిపుల్లండి."

"అగ్గిపుల్లే చాలు మాస్టర్."

ఆ తర్వాత గాలులు మొదలయ్యాయి. ఉత్తరపు గాలి వీస్తే పడవలు కదలవు. కదిలినా కింద ఏమీ కనిపించదు. ఒక శుక్రవారం తీరందాకా వెళ్ళి వెనక్కి వచ్చాం. మరోసారి తీరాన నిలబడి చూస్తే, బార్జి ఉన్న వైపు పసుపుపచ్చ క్రేను ఎక్కించుకున్న పెద్ద పడవ ఒకటి లంగరు వేసి ఉంది. మాస్టర్ కళ్ళకు చేయి అడ్డం పెట్టుకుని దాన్నే చూశాడు. ఆ రాత్రి నుంచి రోజూ గాలి గురించి ఫోన్‌లో చూడటం అలవాటైంది.

గాలి తగ్గి, నీళ్ళు తేరుకున్న రోజు పడవలో మేం ముగ్గురమే ఉన్నాం: మాస్టర్, నేను, పడవ నడిపే మనిషి. క్రేను ఇంకా మా చోటుకు రాలేదు. దిగాం. మాస్టర్ పట్టీ మళ్ళీ గోనెసంచి రంగుకు వచ్చింది. రేకు చూరు కిందికి చేరి, చేయి చాపి లైటు వెలిగించాను. తెల్లగోడ లేదు. సన్నటి వెలుగు నేరుగా వెళ్ళి రేకును తాకింది.

ఇటుక రంగు.

పాన్ మరక కంటే నయమే. కానీ కనకాంబరం కాదు. అబద్ధం చెప్పని లైటు నా చేతిలో ఉంది. నీళ్ళు తేటగా ఉన్నాయి. ఇంక నింద వేయడానికి ఏమీ మిగల్లేదు. సిలిండర్‌లో గాలి మాత్రం తగ్గుతోంది. ఆమె ఊరికే అందేమోనన్న ఆలోచన మొదటిసారి నిజంగా వచ్చింది.

లైటు ఆపి చూశాను. బూడిద. ఇరుగు పొరుగు చేపలకు తెలిసిన రంగు అదే. దాని బతుకంతా బూడిద రంగులోనే గడుస్తుంది. ఎవరో లైటు పట్టుకుని వచ్చినప్పుడు మాత్రం వేరే రంగు. రెంటిలో ఏది దానిది? నాకు తెలియలేదు. మళ్ళీ వెలిగించాను. ఇటుక.

అప్పుడు నా ప్రశ్న మారింది. నీళ్ళు ఎరుపును తినేది పైనుంచి కిందికి మాత్రమేనా? నా లైటు నుంచి స్పాంజికి, స్పాంజి నుంచి నా కంటికి కూడా నీళ్ళే కదా. చేయి చాపిన దూరం రాను, మళ్ళీ పోను. ఆ దూరంలో కూడా అవి తింటూనే ఉంటాయి. పైనుంచి వచ్చే ఆకుపచ్చ వెలుగు ఆ ఖాళీలో కలుస్తూనే ఉంటుంది. తగ్గించాల్సింది ఇంక దూరాన్నే.

కొంచెం ముందుకు జరిగాను. ఇటుక రంగు విచ్చుకున్నట్టయింది. ఇంకొంచెం జరిగాను. అంచులు ఇటుకగానే ఉండి, మధ్యలో నారింజ వచ్చింది. మాస్టర్ నేర్పిన ఏ పద్ధతీ పాటించకుండా, తల రేకు కిందికి దూర్చి, లైటును బుగ్గ పక్కన పెట్టుకున్నాను. మాస్కు అద్దానికీ స్పాంజికీ మధ్య జానెడు ఉంటుంది. అక్కడ అది కనకాంబరం. ఢిల్లీది కాదు, నాటుది. మెత్తన. దానికి సన్నటి రంధ్రాలు ఉన్నాయి. నేను చూస్తుండగా ఒక రంధ్రం చాలా నెమ్మదిగా మూసుకుంది.

తల వెనక్కి తీస్తే రంగు పోయింది. ముందుకు పెడితే వచ్చింది. చాలాసార్లు చేశాను. జానెడు దాటితే ఎంత మంచి లైటుకూ అది కనిపించదు. ఎరుపు ఉన్నా, ముసలిదానిలా వెలిగే ఆ పాత పసుపు లైటుకు ఆ దూరం నుంచి అసలే కనిపించదు. అంటే ఆమె కనకాంబరం అందంటే, ఆమె ముఖం ఇక్కడే ఉండి ఉండాలి. ఈ రేకు కింద, నా ముఖం ఉన్న ఈ చోటే. ఇందులో ఊహ ఏమీ లేదు. ఇది లెక్క.

అప్పుడే ఎవరో నా కాలికి తొడిగిన ఈత రెక్క, ఫిన్ను, పట్టుకుని వెనక్కి లాగారు. మాస్టర్. వేలు ఊపి వద్దన్నాడు. నేను మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ లాగాడు. ఈసారి గాలి మీటర్ చూపించి, బొటనవేలు పైకెత్తాడు.

పడవ ఎక్కి మాస్కు తీసేలోపే మొదలుపెట్టాడు.

"ఏటండీ అది? తల రేకు కింద పెట్టేస్తారా? అది తుప్పు పట్టింది, ఊడిపడితే? గీసుకుపోతే? ఇన్నాళ్ళు నేర్పింది ఇందుకా? కనిపించిందా నేదా చెప్పండి ముందు."

"కనిపించింది."

"అమ్మయ్య." ఆయన సిలిండర్ విప్పుతూ కూడా ఆపలేదు. "అయినా మిమ్మల్నని ఏం లాభం. మేడం గారూ ఇంతే. అదే చోట, అదే రేకు కింద. ఫిన్ను పట్టుకుని లాగేవోణ్ణి, మళ్ళీ దూరేవారు. ఒకసారైతే నా చెయ్యి తన్నేశారండి. ఇద్దరూ ఒక్కటే, సెప్తే ఇనరు."

"తన్నిందా?"

"తన్నారంటే నమ్మరా? పైకొచ్చి సారీ అన్నారు. అని మళ్ళీ వారం అదే పని."

పడవ నడిపే మనిషి లంగరు పైకి లాగుతున్నాడు. ఆయన నన్ను తిడుతున్నాడని నాకు తెలుసు. తువ్వాలు కప్పుకుని, ఆయన ఎదురుగా ఉన్న పలక మీదికి జరిగి కూర్చున్నాను.

"ఆమె ఇంకేం చెప్తె ఇనకపోయేది మాస్టర్?" అని అడిగాను.

"ఏం ఇన్నారు గనక!" అని ఆయన చెప్పడం మొదలుపెట్టాడు.